జిగణి గుట్టలో ఇత్తడి

రాళ్ళ పరీక్షల ఉద్యోగంలో చేరబోయే పిల్లలు ఏటా ఇద్దరు ముగ్గురు నన్ను చూడటానికి వస్తారు. ఏ పుస్తకం చదవాలి, ఏ పరికరం నేర్చుకోవాలి అని అడుగుతారు. ఇంట్లోది ఏది ఆఫీసుకు తేకూడదో, ఆఫీసుది ఏది ఇంటికి తీసుకుపోకూడదో ఇంతవరకు ఒక్కరూ అడగలేదు. నా సర్వీసులో నేను చేసిన పెద్ద తప్పు పుస్తకంలో జరగలేదు, మా వంటింట్లో మొదలైంది. అందుకని దాని గురించే రాస్తున్నాను. ప్రమోషన్ల సంగతి రాయడం లేదు. అవి ఎందుకు వచ్చాయో నాకే తెలియదు.

ఉద్యోగం అంటే ఏమిటి

రెండో ప్రపంచయుద్ధం నడుస్తున్న రోజుల్లో నేను బెంగళూరులో ఒక ప్రయోగశాలలో చేరాను. ఊళ్ళ నుంచి గోనెసంచుల్లో రాళ్ళు వచ్చేవి. వాటిని ఇనుప రోట్లో దంచాలి, జల్లెడ పట్టాలి, నీళ్ళు పోసి గాలించాలి, అడుగున మిగిలిన బరువు రవ్వను యాసిడ్‌లో వేసి అందులో ఏ లోహం ఉందో చెప్పాలి. దంచడం, జల్లించడం, గాలించడం మా అమ్మ బడి మొహం చూడకుండానే చేసేది. మిగిలిన యాసిడ్ భాగానికి నాకు బి.ఎస్సీ. పట్టా ఇచ్చారు.

ఈ పని ఎనిమిది గంటలు చేసి ఊరుకునేది కాదు. రాయి తడిస్తే గానీ దాని అసలు రంగు తెలియదు, అందుకని మా వాళ్ళు రాయి కనబడితే నాలుక వేలికి, వేలు రాయికి తగిలిస్తారు. పెళ్ళయిన కొత్తలో బళేపేటలో మా మామగారింటికి వెళ్ళి, గడప దగ్గర చెప్పులు విడుస్తూ నేను ఆ పని చేశాను. గడపరాయి మంచి రాయి. మామగారు ఇత్తడి సామాన్ల వ్యాపారి, మర్యాదస్తుడు, ఏమీ అనలేదు. లోపలికి వెళ్ళి కూతుర్ని మాత్రం అడిగారట, "ఏమ్మా, అల్లుడికి ఏమన్నా మొక్కు ఉండాదా?" అని.

ఆ కూతురు సుభద్ర. ఆమె నన్ను గుమ్మంలో నిలబెట్టి కాలరు మీది దుమ్ము చూసి, ఆ రోజు ఏ సంచి విప్పామో చెప్పేది. "ఈ పొద్దు కోలారు సంచినా? ఎర్రగా ఉండారు. పెరట్లోకి పోయి నీళ్ళు పోసుకోండి" అనేది. ఆమె అంచనా తప్పగా నేను చూడలేదు. మా ప్రయోగశాల అంచనాలను గురించి ఆ మాట అనలేను.

తగరం కోసం బెంగ

యుద్ధం మలయా దాకా వచ్చేసరికి అక్కడి నుంచి తగరం రావడం ఆగిపోయింది. మా పైఅధికారి దొరస్వామిగారు ఒక ఉదయం మమ్మల్ని పిలిచి, "తగరం వెతకాలి" అన్నారు. ఎక్కడ అని ఎవరో అడిగారు. "ఉన్నచోట" అన్నారు.

దొరస్వామిగారి గురించి ఉన్నమాట చెప్పాలి. చదువుకున్న మనిషి, చేతివాటం లేనివారు, కింది ఉద్యోగిని పేరుపెట్టి పిలిచి కుర్చీ చూపించేవారు. ఒక్కటే లోపం, తొందరగా సంతోషపడతారు. సంతోషం వచ్చిందంటే రిపోర్టు రాసేస్తారు. పరీక్ష పూర్తికావడం ఆ తరవాతి మాట. ప్రయోగశాలలో కోపిష్టి అధికారి ఉంటే రెండు గాజుపాత్రలు పగులుతాయి. సంతోషపడే అధికారి ఉంటే గుట్టలు పగులుతాయి.

తగరం కోసం బెంగపడ్డ మనిషి మా ఇంట్లోనూ ఉండేది. ఇత్తడి గిన్నె లోపల తగరంతో పూసే కళాయి లేకపోతే చింతపండు పడిన చారు కిలుమెక్కి విషమవుతుంది. వీధిలోకి వచ్చే కళాయి సాయిబు చేతులు ఊపుకుంటూ వచ్చి, "తగరం యాడుందమ్మా, నేనే మట్టి మోస్తా ఉండా" అని చెప్పి పోయాడు. మా ఇంట్లో కళాయి నిలిచిన గిన్నెలు రెండే మిగిలాయి. ఒకటి అడుగు వెడల్పైన తప్పేలా. రెండోది సుభద్రకు వాళ్ళమ్మ ఇచ్చిన చారుగిన్నె. వాటిని ఆమె బూడిదతో కూడా తోమనిచ్చేది కాదు. మెత్తని గుడ్డతో తుడిచి బోర్లించేది.

రెండు రోజులకని అడిగిన తప్పేలా

అప్పుడే బెంగళూరుకు దక్షిణాన జిగణి అనే ఊరు దాటిన తరవాత ఉన్న ఒక గుట్ట నుంచి తెల్లరాళ్ళ సంచులు వచ్చాయి. గాలించడానికి మా దగ్గర ఒక్క కొయ్యతట్ట ఉండేది. అది పగిలింది. కొత్తదానికి కాగితం పెట్టాం. ఆ కాగితం ఏ గుమ్మం దగ్గర ఆగిపోయిందో నేను రిటైరయ్యేదాకా తెలియలేదు. ఉన్న గాజుపాత్రల్లో చారెడు ఇసుక కూడా పట్టదు. దొరస్వామిగారు రోజూ వచ్చి నా భుజం మీదుగా చూసిపోతున్నారు.

నేను ఇంటికి వచ్చి తప్పేలా అడిగాను.

"దేనికి?" అంది సుభద్ర.

"గాలించడానికి. రెండే రోజులు."

"బియ్యమా?"

"రాళ్ళు."

"మేము రాళ్ళు పోవల్లని గాలిస్తాము. మీరు రాళ్ళే గాలిస్తారా?" అంది. కానీ ఇచ్చింది. ఆఫీసు పని అంటే ఆమెకు అప్పటికి ఇంకా గౌరవం ఉండేది.

తప్పేలా అద్భుతంగా పనిచేసింది. తెల్లరాయి పొడి, నీళ్ళు పోసి గుండ్రంగా తిప్పుతుంటే తేలికది ఒలికిపోయేది, అడుగున చిటికెడు బూడిదరంగు రవ్వ నిలిచేది. యాసిడ్‌లో వేసి మామూలు పరీక్ష చేశాను. తగరం.

మళ్ళీ చేశాను. తగరమే.

దొరస్వామిగారికి చెప్పాను. ఆయన లేచి నిలబడ్డారు.

"యాసిడ్‌లో కరిగిందా?"

"కరిగింది సార్."

"ఎంతసేపట్లో?"

"నేను కాఫీ తాగి వచ్చేలోపల."

ఇక్కడ చదివేవాళ్ళు ఒక్క క్షణం ఆగాలి. భూమిలో దొరికే తగరపు రాయి యాసిడ్‌లో కరగదు. అది మొదటి ఏడు పాఠం. మా రాయి చక్కెరలాగా కరిగింది. ఈ సంగతి ఇద్దరికీ తెలుసు. ఇద్దరం ఒకరి మొహం ఒకరు చూసుకున్నాం.

"మంచి రాయి" అన్నారు దొరస్వామిగారు.

"అవును సార్" అన్నాను నేను. నా ఉద్యోగ జీవితంలో నేను సిగ్గుపడే మాట ఒకటి చెప్పమంటే ఇదే చెబుతాను. ఆ రవ్వ రాయో కాదో చూపించే మైక్రోస్కోపు పక్క గదిలోనే ఉంది. పది అడుగులు నడవలేదు.

ఆ సాయంత్రమే రిపోర్టు పైకి వెళ్ళింది. వారం తిరిగేసరికి గుట్ట కింద పారలు పడ్డాయి. రెండు రోజుల తప్పేలా రెండు నెలలు మా బల్ల మీదే ఉంది. జిగణి సంచులు తప్ప ఇంకేవీ మా గదిలోకి రానివ్వలేదు. వేరే ఊరి రాయిని ఒక్కసారి అదే తప్పేలాలో గాలించి ఉంటే ఈ కథ ఇక్కడితో అయిపోయేది.

మునిరెడ్డి

ఒక రోజు పొద్దున ప్రయోగశాల మెట్ల మీద ఒక రైతు కూర్చుని ఉన్నాడు. భుజాన కంబళి, చేతిలో బెత్తం. జిగణి నుంచి ఎడ్లబండిలో వచ్చానన్నాడు. పేరు మునిరెడ్డి. గుట్ట కింద చేను అతనిది. రెండెకరాలు, రాగులు తప్ప ఏదీ పండదు, ఆ రాగులతోనే ఏడాది గడవాలి.

"రాళ్ళ అయ్యవారు మీరేనా?" అన్నాడు.

"నేనే."

"నా చేన్లో నాలుగు గుంతలు తవ్వినారు. ఐదోదానికి నిన్న ముగ్గు పోసి పోయినారు. ఆరిద్ర కార్తె పోయేదానికి ఇంగ పదిదినాలే ఉండాది. నేను రాగులు యాడ చల్లేదప్పా, గుంతల్లోనా?"

తగరం యుద్ధానికి ఎంత అవసరమో చెప్పాను. అతను శ్రద్ధగా విన్నాడు.

"యుద్ధం యాడ?"

"మలయాలో."

"అయితే ఆడ తవ్వల్ల గదా?" అన్నాడు. ఎగతాళిగా అనలేదు. దారి చెప్పేవాడు చెప్పినట్టు చెప్పాడు.

గని నిజంగా పడితే సర్కారు నీకు వేరేచోట భూమి చూపిస్తుంది అన్నాను.

"వేరేచోటికి నా ఎద్దులు దోవ కనుక్కోవు సామీ. ఈ చేనికైతే నేను బండిలో నిద్రపోయినా అవే పోతాయి." కొంచెం ఆగి, "మీరు సదువుకున్నోళ్ళు. నిజంగా ఉండాదా ఆ తగరం?" అని అడిగాడు.

"పరీక్షలో వచ్చింది."

"మీ చేత్తోనే చేసినారా?"

"నా చేత్తోనే."

"అయితే ఇంగేముండాది" అని కంబళి సర్దుకుని వెళ్ళిపోయాడు. నా చేతి మీద అంత నమ్మకం పెట్టినవాడు అంతకు ముందు లేడు. అది నాకేమీ సుఖంగా లేదు. దొరస్వామిగారు రెండో రిపోర్టు సిద్ధం చేస్తున్నారు. సోమవారం అది వెళ్ళిందంటే గుట్టతో పాటు ఆ చేను చుట్టూ కంచె పడుతుంది.

గుట్ట మనసు మార్చుకుంది

అదే వారంలో గుట్ట విచిత్రంగా ప్రవర్తించసాగింది. తగరం రోజురోజుకూ తగ్గిపోతోంది. దాని బదులు రాగి వస్తోంది. రాగితో పాటు జింకు. ఒకే గుంత, ఒకే రాయి.

దొరస్వామిగారికి చెబితే దిగులుపడతారనుకున్నాను. ఆయన నా చెయ్యి పట్టుకుని ఊపారు. "మూడు లోహాలయ్యా శేషగిరీ. ఒకే గుట్టలో మూడు లోహాలు."

"కానీ సార్, మొదటి నెల రాగి లేదు."

"లోతుకు వెళ్ళేకొద్దీ వస్తుంది."

"ఈ రాయి మొదటి వారం తీసిందే సార్. పాత సంచి మిగిలితే గాలించాను."

ఆయన "సంచిలో పండి ఉంటుంది" అన్నారు. తమాషాకు అన్నారో, నిజంగానే అన్నారో నాకు ఇప్పటికీ తెలియదు. ఆయనకూ తెలిసి ఉండదు.

శుక్రవారం తప్పేలా ఇంటికి తెచ్చాను. పండగకని సుభద్ర గట్టిగా అడిగింది. అన్నం తింటూ గుట్ట సంగతి చెప్పాను. ఆమె వడ్డిస్తూ వింటోంది.

"రాగి ఎంత, జింకు ఎంత?" అంది.

"రాగి రెండు పాళ్ళు ఉంటే జింకు ఒక పాలు. రోజూ అంతే."

గరిట ఆగిపోయింది. "అది మా నాయన అంగట్లో బిందె" అంది.

"ఏమిటి?"

"రెండు పాళ్ళు రాగి, ఒక పాలు జింకు. ఇత్తడి. గుట్టలో బిందెలు పుడతాయా?"

లేచి వెళ్ళి తప్పేలా తెచ్చింది. వెలుతురుకు పెట్టి లోపల చూసింది. రెండు నెలల కిందట వెండిలాగా తెల్లగా ఉన్న తప్పేలా అడుగు ఇప్పుడు పసుపు పూసినట్టు ఉంది. తెల్లరాయి పొడిని మించిన గరుకు వస్తువు మా ఊళ్ళో లేదు. దాన్ని పోసి రోజుకు నాలుగు గంటలు తిప్పాను నేను.

"దీని కళాయి యాడికి పోయె?" అంది సుభద్ర.

నేను కాసేపు అన్నం కలిపాను. "పైఅధికారుల దగ్గర ఉంది. రిపోర్టులో" అన్నాను.

ఆమె తప్పేలాను పక్కన బోర్లించింది. నేను మునిరెడ్డి సంగతి కూడా చెప్పాను. ఆమె విని, "కార్తె ఎన్ని దినాలు ఉండాది?" అని మాత్రం అడిగింది.

"ఏడు."

రుజువు

శనివారం దొరస్వామిగారి ముందు నిలబడి చెప్పాను. ఆయన కళ్ళజోడు తీసి తుడిచారు.

"అంటే మనం మీ ఇంటి తప్పేలాను పరీక్ష చేశాం అంటావు."

"అవును సార్. ఫలితాలు సరిగ్గానే వచ్చాయి. తప్పేలా విషయంలో."

"ఇది నీ ఊహ. పైకి వెళ్ళిన రిపోర్టును ఊహతో వెనక్కి తెప్పించలేం. రుజువు కావాలి."

మాట న్యాయమే. చిక్కేమిటంటే తగరం ఎలా వచ్చిందో చూపించాలంటే మంచి కళాయి ఉన్న గిన్నె కావాలి. అలాంటిది ఊళ్ళో ఎవరూ ఇవ్వరు. మా ఇంట్లో ఒక్కటి ఉంది. దాన్ని అడిగే ధైర్యం నాకు లేదు. ఇంటికి వెళ్ళి, అడగకుండా అన్నీ చెప్పాను. మగవాళ్ళు ఇలాంటి పనులు ఎలా చేస్తారో ఆడవాళ్ళకు తెలుసు.

సుభద్ర చారుగిన్నెను చెంగుతో ఒకసారి తుడిచింది. "ఇస్తా. కానీ నేనే వస్తా. మీకు గాలించను రాదు. వచ్చుంటే ఇంత కళాయి పోయుండదు."

సోమవారం పొద్దున ఆమె మా ప్రయోగశాలకు వచ్చింది. అంతవరకు ఆ గదిలోకి ఆడమనిషి రాలేదు. అందరూ లేచి నిలబడి, తరవాత ఏం చేయాలో తెలియక అలాగే ఉండిపోయారు. ఆమె ప్రయోగశాల తోటలోంచి గుప్పెడు ఇసుక తెప్పించి, చారుగిన్నెలో నీళ్ళు పోసి, దొరస్వామిగారి ఎదుటే గాలించింది. మొదట మెల్లగా, తరవాత నేను చేసినట్టు మోటుగా. గిన్నెలో ఇసుక గీసుకునే చప్పుడు వచ్చినప్పుడల్లా ఆమె పెదవి బిగించింది. అడుగున నిలిచిన రవ్వను నేను యాసిడ్‌లో వేశాను.

తగరం.

దొరస్వామిగారు కిటికీ దగ్గరికి వెళ్ళి తోటను చూశారు. చాలాసేపు చూశారు. "శేషగిరీ, ఈ తోటను ఇదివరకు ఎవరైనా పరీక్ష చేశారా?" అన్నారు.

సుభద్ర మాట్లాడింది. "అయ్యా, మీకు యాడ ఇష్టమో ఆడనుంచే మీ చేత్తో ఇసుక తెండి."

ఆయన వరండాలోకి వెళ్ళి, విమానాల దాడి జరిగితే మంటలు ఆర్పడానికి పెట్టిన ఎర్ర బకెట్ నుంచి చారెడు ఇసుక తెచ్చారు. సుభద్ర గాలించింది. యాసిడ్‌లో వేశాను. బకెట్లోనూ తగరం ఉంది.

"ఇంగ మీ ఇంట్లో కందిపప్పు ఈ గిన్నెలో గాలించినా తగరమే" అంది సుభద్ర. "అప్పుడు మీ వంటింట్లో తవ్వల్ల."

దొరస్వామిగారు కూర్చున్నారు. కాగితం తీసుకున్నారు. ఇక్కడ ఆయనను మెచ్చుకోవాలి. సంతోషంలో ఎంత తొందరగా రాస్తారో, ఆ పూట కూడా అంతే తొందరగా రాశారు. గుట్టలో తగరం లేదని, మొదటి రిపోర్టు రద్దని, తవ్విన నాలుగు గుంతలు వెంటనే పూడ్చాలని. తప్పు ఎవరిదని రాశారో చూడలేదు గాని నా ఉద్యోగం పోలేదు. రాసి ముగించి, ఖాళీ అయిన చారుగిన్నెను చూసి, "అమ్మా, దీనికి కళాయి…" అన్నారు.

"యుద్ధం అయిపోనీ" అంది సుభద్ర. మూడేళ్ళు మేము చారు మట్టికుండలో కాచుకున్నాం. కుండ రుచి వేరని చుట్టాలు మెచ్చుకునేవారు. ఆమె వాళ్ళకు కారణం చెప్పలేదు, నన్ను చూసేది.

నాలుగు గుంతలు

గుంతలు పూడ్పించడానికి నేనే వెళ్ళాను. పంపించారనడం కంటే, ఇంకొకరిని పంపనివ్వలేదనడం సరి. కార్తె ఇంకా మూడు రోజులుంది. పడమట మబ్బు పట్టింది. కూలీలు మొదటి గుంత పూడ్చారు, రెండోది, మూడోది. మునిరెడ్డి వెనకనే ఎద్దులతో చదును చేసుకుంటూ వచ్చాడు. నేను అతనికి ఉన్నది ఉన్నట్టు చెప్పాను. తప్పేలా సంగతి కూడా.

అతను నాగలి ఆపాడు. "మీ ఇంటామె గిన్నె నా చేన్లోకి వచ్చి కూచునిండాదా?"

"ఒక రకంగా."

"పాపం, ఆయమ్మ దేంట్లో వండుకుంటాది?" అన్నాడు. రెండు నెలలు తన చేను తవ్వించినవాణ్ణి, నిజం తెలిశాక అతను నిలదీసి అడిగింది ఆ ఒక్కటే.

నాలుగో గుంత దగ్గరికి వెళ్ళాం. కూలీలు పారలు ఎత్తారు.

"అది ఉండనీండి సామీ" అన్నాడు మునిరెడ్డి.

"నాలుగూ పూడ్చమని ఆర్డరు."

"ఒగసారి వంగి చూడప్పా."

చూశాను. గుంత అడుగున మోకాలి లోతు నీళ్ళు, తేటగా. "మా తాతకాలం నుంచి ఈ చేన్లో బావి పడలేదు" అన్నాడు. "యాడ తవ్వల్లో ఎవరికీ తెలీలేదు. మీకూ తెలీదు గాని, తవ్వినారు."

నేను కూలీలను బండెక్కించాను. తిరిగి వచ్చి, నివేదిక ఒక వాక్యంలో రాశాను: గుంతలు పూడ్చబడినవి.

దొరస్వామిగారు చదివి తల ఎత్తారు. "ఎన్ని?"

"మూడు సార్."

"నాలుగోది?"

"అందులో నీళ్ళున్నాయి సార్."

ఆయన కలం విప్పి, సంతకం పెట్టబోయి ఆగారు. ఆ సోమవారం నుంచి ఆయనకు కొత్తగా ఒక అలవాటు వచ్చింది, ఏ మాట చెప్పినా రుజువు అడిగేవారు.

"నీళ్ళేనని రూఢిగా తెలుసా? ఏ గిన్నెతో పరీక్ష చేశావు?"

"దోసిలితో సార్. తాగాను."

ఆయన సంతకం పెట్టారు.